మూడు తీగలు, మూడు మూలాలు

సంఖ్యల కథ: తొమ్మిదో భాగం

ఋణ సంఖ్యకు వర్గమూలం లేదని మహావీరాచార్యుడు తేల్చి చెప్పి పన్నెండు వందల ఏళ్లు కావస్తోంది. రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో, 850 ప్రాంతంలో, ఆయన సంస్కృతంలో రాసిన ‘గణితసార సంగ్రహం’లో ఆ మాట ఉంది. కారణమూ అక్కడే ఉంది. ధనాన్ని ధనంతో గుణిస్తే ధనం, ఋణాన్ని ఋణంతో గుణించినా ధనమే. అలాంటప్పుడు ఋణ సంఖ్య దేనికీ వర్గం కాదు. వర్గమే కానిదానికి వర్గమూలం ఎక్కణ్ణుంచి వస్తుంది? 1150లో భాస్కరాచార్యుడు ‘బీజగణితం’లో ఇదే తీర్పు ఇచ్చాడు.

తెలుగులో గణిత రచనకు తల్లివేరు మహావీరుడి ఈ గ్రంథమే. పావులూరి మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆయన రాజరాజ నరేంద్రుడి కాలం వాడని, అంటే పదకొండో శతాబ్దం వాడని మన సాహిత్య చరిత్రలు ఎక్కువగా చెబుతాయి. నన్నయ భారతాన్ని తెనిగించిన రోజుల్లోనే మరొకరు లెక్కలనూ తెనిగించారంటే, ఈ భాషలో శాస్త్రం చెప్పలేమని ఇవాళ అనేవాళ్లకు వేరే జవాబు అక్కర్లేదు.

మహావీరుడి మాటను అజ్ఞానంగా చూడడం నాకు నచ్చదు. సంఖ్యలన్నీ ఒకే గీత మీద ఉన్నాయనుకుంటే, సున్నాకు కుడివైపు ధనం, ఎడమవైపు ఋణం, అంతటితో లోకం సరి అనుకుంటే, ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆ గీత మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వెతికినా మైనస్ ఒకటికి వర్గమూలం దొరకదు. అది గీత మీద లేదు, గీతకు పక్కన ఉంది. అలా పక్కకు తిరిగి చూడడానికి మనుషులకు మరో తొమ్మిది వందల ఏళ్లు పైనే పట్టింది. ఆ మలుపు ఎలా వచ్చిందో, దానితో ఏ సంఖ్యకైనా ఎన్నో మూలమైనా ఎలా పట్టుకోవచ్చో ఈ భాగంలో చూద్దాం. పరవాడలో పుట్టే కరెంటుకూ అచ్యుతాపురం ఫ్యాక్టరీల్లో తిరిగే మోటార్లకూ ఆ మూలాలతో ఉన్న చుట్టరికం కూడా ఇందులోనే వస్తుంది.

గత భాగంలో కార్డానోను 1545 దగ్గర వదిలాం. పదిని రెండు భాగాలు చెయ్యాలి, ఆ రెంటి లబ్ధం 40 కావాలి అని ఆయన తనకు తానే ఒక లెక్క పెట్టుకున్నాడు. జవాబుగా 5కు మైనస్ 15 వర్గమూలం కలిపితే ఒకటి, తీసేస్తే ఇంకొకటి వచ్చాయి. అర్థం కాకపోయినా ధైర్యం చేసి గుణించాడు: 25కు 15 కలిసి సరిగ్గా 40 అయింది. ఇదెంత సూక్ష్మమో అంత నిరుపయోగం అని రాసి పుస్తకంలో ముందుకు వెళ్లిపోయాడు.

దాన్ని నిరుపయోగంగా వదిలేయడానికి ఒప్పుకోనివాడు రఫాయెల్ బాంబెల్లి. వృత్తిరీత్యా ఇంజనీరు, ఇటలీలో చిత్తడి నేలల నుంచి నీళ్లు తోడించే పనులు చేయించాడు. 1572లో అచ్చయిన తన బీజగణిత గ్రంథంలో ఆయన ఎత్తుకున్న సమీకరణం ఇది: ఒక సంఖ్య ఘనం, ఆ సంఖ్యకు 15 రెట్ల కంటే 4 ఎక్కువ. జవాబు 4 అని చిన్నపిల్లలైనా సరిచూడగలరు, 64 అంటే 60కి 4 ఎక్కువే కదా. కానీ ఇలాంటి ఘన సమీకరణాలకు కార్డానో ఇచ్చిన సూత్రంలో పెడితే ఆ నాలుగు కనిపించదు. దాని బదులు 2కు మైనస్ 121 వర్గమూలం కలిపి, ఆ మొత్తానికి ఘనమూలం తియ్యమంటుంది. అలాంటిదే ఇంకొకటి, కలిపే చోట తీసివేతతో, దానికి జోడించమంటుంది. ఇప్పటి రాతలో మొదటిది 2 + 11ఐ, రెండోది 2 − 11ఐ. ఐ అంటే మైనస్ ఒకటి వర్గమూలం.

బాంబెల్లి చేసిన పని సాహసం. ఆ ఘనమూలం 2 + ఐ అయి ఉంటుందని ఊహించి, మూడుసార్లు గుణించి చూశాడు. సరిగ్గా 2 + 11ఐ వచ్చింది. రెండోదానికి 2 − ఐ. రెండూ కలిపితే ఐలు పోయి 4 మిగిలింది. ఉన్న జవాబును చేరడానికి లేని సంఖ్యల మీదుగా నడవాల్సి వచ్చింది. అయితే ఒక లోటు ఉండిపోయింది. జవాబు 4 అని ముందే తెలుసు కాబట్టే ఆయన 2 + ఐని ఊహించగలిగాడు. తెలియని చోట ఏం చెయ్యాలి? 3 + 7ఐకి ఘనమూలం కావాలంటే, ఐదో మూలం కావాలంటే, ఊహకు దారేది?

ఇక్కడ కాలక్రమాన్ని కాస్త పక్కనబెట్టి బొమ్మను ముందు, సూత్రాన్ని తర్వాత చెబుతాను. చరిత్రలో సూత్రమే ముందొచ్చింది, కానీ బొమ్మ చూశాక సూత్రం దానంతట అదే వస్తుంది.

బొమ్మ గీసినవాడు కాస్పర్ వెసెల్, నార్వేలో పుట్టి డెన్మార్క్‌లో బతికిన సర్వేయరు. రోజంతా గొలుసుతో దూరాలూ పరికరంతో కోణాలూ కొలిచే మనిషి. సర్వేయరు ఒక చోటును రెండు రకాలుగా చెప్పగలడు. అచ్యుతాపురం కూడలిలో నిలబడి ‘తూర్పుకు ఇన్ని మీటర్లు, అక్కణ్ణుంచి ఉత్తరానికి ఇన్ని మీటర్లు’ అనవచ్చు. లేదా ‘తూర్పు నుంచి ఉత్తరం వైపు ఇన్ని డిగ్రీలు తిరిగి, నేరుగా ఇంత దూరం’ అనవచ్చు. చోటు ఒకటే. 2 + 11ఐ అన్నది మొదటి రకం: తూర్పుకు 2, ఉత్తరానికి 11. అదే సంఖ్యను రెండో రకంగా చెబితే, దూరం సుమారు 11.18, కోణం సుమారు 79.7 డిగ్రీలు. మన ఇంటర్ పుస్తకాల్లో దూరాన్ని మాపం అనీ కోణాన్ని ఆయామం అనీ అంటారు. ఈ రెండో రకం రాతే ధ్రువ రూపం.

వెసెల్ తన వ్యాసాన్ని 1797 మార్చి 10న డెన్మార్క్ రాజ విద్వత్ సభ ముందు ఉంచాడు. 1799లో డేనిష్ భాషలో అచ్చయింది. ఆ తర్వాత దాదాపు వందేళ్లు దాన్ని ఎవరూ తెరవలేదు. 1806లో ప్యారిస్‌లో ఆర్గాండ్ పేరు కూడా వేసుకోకుండా ఒక చిన్న పుస్తకంలో అదే ఆలోచన అచ్చు వేశాడు. అందుకే ఇవాళ మన పిల్లలు దాన్ని ఆర్గాండ్ తలం అంటున్నారు. ముందు కనిపెట్టిన సర్వేయరు పేరు పాఠంలో లేకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

వెసెల్ గమనించినది ఇది. రెండు సంఖ్యలను గుణిస్తే వాటి దూరాలు గుణించుకుంటాయి, కోణాలు మాత్రం కలుస్తాయి. గుణకారం అంటే సాగదీయడం ఒక్కటే కాదు, తిప్పడం కూడా. మైనస్ ఒకటితో గుణించడం అంటే 180 డిగ్రీలు తిరగడం, తూర్పును పడమర చెయ్యడం. అలాంటప్పుడు మైనస్ ఒకటికి వర్గమూలం ఏమిటి? రెండుసార్లు చేస్తే 180 డిగ్రీలు తిరిగేది. అంటే 90 డిగ్రీలు తిరగడం, ఉత్తరం వైపు ఒక్క అడుగు. మహావీరుడి ప్రశ్నకు జవాబు ఇంత చిన్నది. గీత మీద నిలబడి గీత వెంటే చూస్తున్నంత కాలం అది కనిపించకపోవడంలో వింత లేదు.

ఇక మూలాలు తియ్యడం. ఘనం చేస్తే దూరం ఘనం అవుతుంది, కోణం మూడింతలు అవుతుంది. కాబట్టి ఘనమూలానికి వెనక్కు నడవాలి: దూరానికి మామూలు ఘనమూలం, కోణంలో మూడో వంతు. 11.18 ఘనమూలం 2.236. 79.7లో మూడో వంతు 26.57 డిగ్రీలు. 26.57 డిగ్రీల వైపు 2.236 దూరం నడిస్తే ఎక్కడ తేలతాం? తూర్పుకు 2, ఉత్తరానికి 1. అదే బాంబెల్లి ఊహించిన 2 + ఐ! ఊహ లేదు, ముందుగా జవాబు తెలియాల్సిన పని లేదు. పట్టికలో కోణం చూసి మూడుతో భాగించడమే.

చాలామంది విద్యార్థులు ఇక్కడే కలం పెట్టేస్తారు. పరీక్షలో మార్కులు పోయేది ఇక్కడే, గణితంలో అసలు అందం మొదలయ్యేదీ ఇక్కడే. 79.7 డిగ్రీలు తిరిగి నిలబడినవాడూ, ఒక పూర్తి చుట్టు తిరిగి ఆపైన 79.7 డిగ్రీలు తిరిగినవాడూ ఒకే వైపు చూస్తుంటారు. మొదటివాడి కోణం 79.7, రెండోవాడిది 439.7. రెండు చుట్లు తిరిగినవాడిది 799.7. చూపు ఒకటే, తిరిగిన తిరుగుడు వేరు. మూడుతో భాగించగానే ఆ దాగిన తేడా బయటపడుతుంది: 26.57, 146.57, 266.57. మూడు వేర్వేరు దిక్కులు. మూడు చుట్లు తిరిగినవాడిని కూడా లెక్కలోకి తీసుకుంటే? అతని కోణంలో మూడో వంతు 386.57, అంటే మళ్లీ 26.57 దగ్గరికే వచ్చాడు. కాబట్టి ఘనమూలాలు మూడే. ఐదో మూలాలు ఐదు, పన్నెండో మూలాలు పన్నెండు. అన్నీ ఒకే వృత్తం మీద, ఒకదాని నుంచి ఒకటి సమాన దూరంలో. మూడింటిని కలిపితే సమబాహు త్రిభుజం, ఐదింటిని కలిపితే క్రమ పంచభుజి.

మిగిలిన రెండు ఘనమూలాలు ఊరికే పుట్టలేదు. బాంబెల్లి సమీకరణం మూడో ఘాతానిది, దానికి మూడు జవాబులు ఉండాలి. 146.57 డిగ్రీల మూలాన్ని, 2 − 11ఐ ఘనమూలాల్లో దాని జంటతో కలిపితే మైనస్ 3.732 వస్తుంది. 266.57 డిగ్రీల మూలాన్ని దాని జంటతో కలిపితే మైనస్ 0.268. ఎవరైనా కాగితం తీసుకుని సమీకరణంలో పెట్టి చూడవచ్చు, రెండూ సరిపోతాయి. బాంబెల్లి ఊహకు అందిన జవాబు ఒకటి, ధ్రువ రూపం ఒక్క భాగహారంతో ఇచ్చినవి మూడు.

సూత్రం ఎవరిదంటే అబ్రహాం డిమోయర్ పేరు చెబుతాం. 1667లో ఫ్రాన్స్‌లో ప్రొటెస్టెంట్ కుటుంబంలో పుట్టాడు. 1685లో పద్నాలుగో లూయీ ప్రొటెస్టెంట్లకు ఉన్న రక్షణ రద్దు చేశాక, దేశం విడిచి లండన్ చేరాడు. మిగిలిన జీవితమంతా అక్కడే గడిపాడు. ఇల్లిల్లూ తిరిగి ట్యూషన్లు చెప్పాడు. న్యూటన్ ‘ప్రిన్సిపియా’ చేతికి వచ్చాక దాని పుటలు చించి జేబులో పెట్టుకుని, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి నడిచే మధ్యలో చదువుకునేవాడట. 1697లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. న్యూటన్ అంతటివాడు గౌరవించాడు. అయినా ఏ విశ్వవిద్యాలయమూ ఉద్యోగం ఇవ్వలేదు. పరాయి దేశస్థుడనే ముద్ర చివరిదాకా పోలేదు. స్లాటర్స్ కాఫీ హౌస్‌లో కూర్చుని జూదగాళ్లకూ బీమా వ్యాపారులకూ సంభావ్యత లెక్కలు చేసిపెడుతూ 87 ఏళ్ల వయసులో, 1754లో కన్నుమూశాడు.

1707లో ఆయన రాసిన వ్యాసంలో ఈ సూత్రానికి బీజం ఉంది, 1722లో మరికాస్త స్పష్టమైంది. 1730ల చివర రాయల్ సొసైటీ పత్రికలో వచ్చిన వ్యాసంలో సంకీర్ణ సంఖ్య మూలాలు తియ్యడం నేరుగా ఎత్తుకున్నాడు: కోణాన్ని భాగించు, తర్వాత పూర్తి చుట్లు కలుపుతూ మళ్లీ భాగించు. మనం పైన చేసింది అదే. ఇప్పుడు పుస్తకాల్లో కనిపించే రూపంలో సూత్రాన్ని రాసింది మాత్రం ఆయిలర్, 1748లో. వృత్తాన్ని సమ భాగాలు చెయ్యడం మీద రోజర్ కోట్స్ చేసిన పని కూడా దీనికి దగ్గరిదే. ఆయన 1716లో 33 ఏళ్లకే పోయాడు, పుస్తకం 1722లో బయటికొచ్చింది. ఇలాంటి చోట ‘ఎవరు ముందు’ అనే తగువు నాకు ముఖ్యం కాదు. ముఖ్యమైనది ఒకటే: వీళ్లెవరి చేతిలోనూ వెసెల్ బొమ్మ లేదు. బొమ్మ లేకుండా, కేవలం అక్షరాలతో, చీకట్లో చెయ్యి పెట్టి తడిమినట్టు ఈ వృత్తాన్ని పట్టుకున్నారు.

విశాఖపట్నానికి ఈ కథలో ఒక చిన్న చోటుంది. కుంభకోణంలో బడి పిల్లాడుగా ఉన్నప్పుడే శ్రీనివాస రామానుజన్‌కు లోనీ రాసిన త్రికోణమితి పుస్తకం రెండో భాగం దొరికింది. సంకీర్ణ సంఖ్యలూ డిమోయర్ సిద్ధాంతమూ ఉన్న భాగం అదే. బి.ఏ. చదివే అబ్బాయి దగ్గర తెచ్చుకుని ఎవరి సాయమూ లేకుండా లెక్కలన్నీ చేసేశాడని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. సైన్, కొసైన్‌ల మీద ఆయిలర్ కనిపెట్టిన సంబంధాలను తనంతట తానే కనుక్కున్నాడు. అవి నూట యాభై ఏళ్ల కిందటివని తెలిశాక కుంగిపోయి, రాసుకున్న కాగితాలను ఇంటి పైకప్పులో దాచేశాడట. తర్వాత కాలేజీలో గణితం తప్ప మిగతావి పట్టించుకోక స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నాడు. 1905లో, 17 ఏళ్ల వయసులో, ఇంట్లో చెప్పకుండా రైలెక్కి మన విశాఖకు వచ్చేశాడు. నెల్లాళ్లకు అటూ ఇటుగా మళ్లీ ఇంటికి చేరాడు. ఆ నెలలో ఈ ఊళ్లో ఎక్కడ పడుకున్నాడో, ఏ గోడ నీడన కూర్చుని ఏ లెక్క చేసుకున్నాడో అని, సముద్రం ఒడ్డున నడిచినప్పుడల్లా ఆలోచన పోకుండా ఉండదు.

ఇక కరెంటు. 1891లో జర్మనీలో లాఫెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు 175 కిలోమీటర్లు మూడు ఫేజుల కరెంటు పంపి చూపించారు. ఏసీ కరెంటు ప్రతి క్షణం పెరుగుతూ తరుగుతూ దిక్కు మారుతూ ఉంటుంది. దాని లెక్కలు చెయ్యాలంటే ఆనాటి ఇంజనీర్లకు పేజీల కొద్దీ కలన గణితం. 1893 ఆగస్టులో షికాగోలో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ సభలో చార్లెస్ స్టైన్‌మెట్జ్ వాళ్లకు విముక్తి చూపించాడు. ఆయనా డిమోయర్ లాగే ప్రవాసి. సోషలిస్టు పత్రికలో రాసినందుకు జర్మనీ నుంచి తప్పించుకుని 1889లో అమెరికా చేరినవాడు. ఆయన చెప్పిన కిటుకు: ఒక ఊగే వోల్టేజీని ఒక సంకీర్ణ సంఖ్యగా రాయండి. ఎంత బలంగా ఊగుతోందో మాపం చెబుతుంది, ఎప్పుడు ఊగుతోందో ఆయామం చెబుతుంది. ఆ రోజు నుంచి ధ్రువ రూపం గణిత శాస్త్రజ్ఞుల సొత్తు మాత్రమే కాకుండా పోయింది.

పరవాడలోని సింహాద్రి థర్మల్ కేంద్రంలో 500 మెగావాట్ల యూనిట్లు నాలుగున్నాయి. మొదటి రెండూ 2002లో, మిగిలినవి 2011, 2012లలో వచ్చాయి. ప్రతి జనరేటరూ నిమిషానికి 3,000 చుట్లు, అంటే సెకనుకు 50 చుట్లు తిరుగుతుంది. తిరిగే అయస్కాంతం చుట్టూ మూడు చుట్టల తీగ, ఒకదాని నుంచి ఒకటి 120 డిగ్రీల దూరంలో. దాంతో పుట్టే మూడు వోల్టేజీలూ సమానం, మూడింటి మధ్యా 120 డిగ్రీల తేడా. ఆర్గాండ్ తలం మీద గీస్తే 0 డిగ్రీల వైపు ఒక బాణం, 120 వైపు ఒకటి, 240 వైపు ఒకటి. అవే ఒకటికి ఉన్న మూడు ఘనమూలాలు: ఒకటి, ఒమేగా, ఒమేగా స్క్వేర్. లైన్‌మన్ వాటినే ఆర్ ఫేజు, వై ఫేజు, బీ ఫేజు అంటాడు.

మూడు మూలాలనూ కలిపితే సున్నా అని ఇంటర్ పిల్లలు బట్టీ పడతారు. ఒక ఇనుప రింగుకు మూడు తాళ్లు కట్టి, సమాన దూరంలో నిలబడ్డ ముగ్గురు సమాన బలంతో లాగితే రింగు కదలనట్టే అది. కరెంటులో దాని అర్థం, మూడు ఫేజుల మీదా బరువు సమానంగా ఉంటే తిరిగి వచ్చే కరెంటు అంటూ ఉండదు. వేరే తీగతో దాన్ని వెనక్కు తేవాల్సిన అవసరం లేదు. మూడు విడివిడి సర్క్యూట్లకు ఆరు తీగలు కావాల్సిన చోట మూడు చాలు. 400 కేవీ టవర్ల మీద ఆరు కనిపిస్తే అవి రెండు సర్క్యూట్లు, అన్నిటికంటే పైన సన్నగా కనిపించేది పిడుగుల కోసం. దేశమంతటా వేల కిలోమీటర్ల అల్యూమినియం ఆదా కావడానికి వెనక ఉన్నది ఈ చిన్న సమీకరణమే.

ఆయామం అన్నది కాగితం మీది కోణం కాదని చూడాలంటే గాజువాక చాలు. దక్షిణ గ్రిడ్, తూర్పు గ్రిడ్ చాలాకాలం వేర్వేరుగా తిరిగాయి. రెండింటిలోనూ 50 చుట్లే, కానీ కోణం కలవదు. కలవని కోణాలతో రెండు గ్రిడ్‌లను నేరుగా కలిపితే పరికరాలు తట్టుకోలేవు. అందుకని గాజువాకలో ఏసీని డీసీగా మార్చి, కోణం అనేదే లేకుండా చేసి, అవతలి వైపు మళ్లీ ఏసీగా మార్చే కేంద్రం కట్టారు. 1999లో 500 మెగావాట్లు, 2005లో మరో 500. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాది చీకట్లో మునిగినప్పుడు దక్షిణ గ్రిడ్ పడిపోకపోవడానికి ఇలాంటి విడి బంధాలే కారణం. చివరికి 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూర్ లైను మీద కోణాలు కలిపి దేశాన్ని ఒకే గ్రిడ్ చేశారు.

మూడు ఫేజులూ సమానంగా ఉన్నంత వరకూ అంతా సుఖమే. సమానంగా లేనప్పుడు? ఈ ప్రశ్న చార్లెస్ ఫోర్టెస్క్యూకు రైళ్ల వల్ల వచ్చింది. ఎలక్ట్రిక్ ఇంజన్లు ఒకటే ఫేజును వాడుకుంటాయి, దాంతో మిగతా వ్యవస్థ ఒక పక్కకు ఒరుగుతుంది. ఇది మనకూ కొత్త కాదు, ఇనుప ఖనిజం మోసే కొత్తవలస, కిరండూల్ లైను 1980ల తొలినాళ్ల నుంచి కరెంటు మీదే నడుస్తోంది. కెనడాలో పుట్టి వెస్టింగ్‌హౌస్ కంపెనీలో పనిచేసిన ఫోర్టెస్క్యూ 1918లో చదివిన సుదీర్ఘ పత్రంలో జవాబు చెప్పాడు. ఎంత అడ్డదిడ్డంగా ఉన్న మూడు బాణాలనైనా మూడు చక్కటి గుంపుల మొత్తంగా విడదీయవచ్చు. ఒక గుంపు సరైన దిక్కున తిరుగుతుంది, రెండోది ఎదురు దిక్కున తిరుగుతుంది, మూడోది తిరగకుండా ఊగుతుంది. విడదీసే పనిముట్టు ఒమేగానే: ఒక బాణాన్ని ఉన్నదున్నట్టు, రెండోదాన్ని ఒమేగాతో, మూడోదాన్ని ఒమేగా స్క్వేర్‌తో గుణించి, కలిపి, మూడుతో భాగించడం. ఫోర్టెస్క్యూ మూడుతో ఆగలేదు, ఎన్ని ఫేజులున్నా అన్నో మూలాలతో ఇదే పని చెయ్యవచ్చని చూపాడు.

దీన్ని అనకాపల్లి జిల్లా చెరకు రైతు భాషలో చెప్పవచ్చు. బోరు దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ మీద ఒక ఫ్యూజు పోతుంది. రైతు స్విచ్ వేస్తే మోటారు మూలుగుతుంది కానీ తిరగదు. రెండు ఫేజులు వస్తున్నాయి కదా, కనీసం నెమ్మదిగానైనా ఎందుకు తిరగదు? ఫోర్టెస్క్యూ లెక్క చేసి చూడండి. పోయిన ఫేజులో కరెంటు సున్నా. మిగిలిన రెండింటిలో సమానం, ఒకదాంట్లో పోయి ఇంకోదాంట్లో తిరిగి వస్తుంది. సరైన దిక్కున తిప్పే గుంపు, తీగలోని కరెంటులో సుమారు 58 శాతం వస్తుంది. ఎదురు దిక్కున తిప్పేదీ సరిగ్గా అంతే, 58 శాతం. ఆగి ఉన్న మోటారును రెండూ సమానంగా చెరో వైపు లాగితే అది ఎటు తిరగాలి? కదలలేక కరెంటంతా వేడిగా మారి, కాసేపట్లో వైండింగ్ కాలిపోతుంది. ‘ఫేజు పోయి మోటారు కాలింది’ అని రైతు చెప్పుకునే నష్టం వెనక, సమానంగా తేలిన ఆ రెండు సంకీర్ణ సంఖ్యలే ఉన్నాయి. సింహాద్రి లాంటి కేంద్రాల్లో ఎదురు తిరిగే ఆ గుంపును కనిపెట్టుకుని ఉండడానికే ప్రత్యేకమైన రిలేలు ఉంటాయి. నెగటివ్ సీక్వెన్స్ అనే ఆ గుంపు పెరిగితే రోటరు ఉపరితలం వేడెక్కుతుంది, అందుకని అంతకు ముందే యూనిట్‌ను ఆపేస్తాయి.

అచ్యుతాపురం సెజ్‌లో కొత్త మోటారు బిగించిన ఎలక్ట్రీషియన్ ముందుగా చూసేది అది ఎటు తిరుగుతోందనే. ఎదురు తిరిగితే ఏం చెయ్యాలో చెప్పడానికి ఎవరూ పుస్తకం తియ్యరు. మూడింటిలో ఏ రెండు వైర్లనైనా మార్చి కడితే చాలు, దిక్కు మారిపోతుంది. ఆ రెండు నిమిషాల పనిలో 120 డిగ్రీల బాణం 240కి, 240ది 120కి వెళ్లాయి, ఒమేగా, ఒమేగా స్క్వేర్ చోట్లు మార్చుకున్నాయి. బీజగణితంలో ఐ ఉన్న ప్రతి చోటా మైనస్ ఐ రాయడం కూడా సరిగ్గా ఇదే. బాంబెల్లికి 2 + ఐ వెంట 2 − ఐ తప్పకుండా వచ్చింది అందుకే. సమీకరణానికి ఆ రెండింటిలో ఏది ఏదో తేడా తెలియదు. మూలాలను ఇలా చోట్లు మార్చి చూడడమే ఒక శాస్త్రమవుతుందని గ్రహించిన గాల్వా 1832లో, 20 ఏళ్లకే, ద్వంద్వ యుద్ధంలో తూటాకు బలయ్యాడు. అతని దగ్గరికి వెళ్లేముందు ఇంకో కుర్రాడిని కలవాలి. 1796 మార్చి 30న, ఇంకా 19 నిండని గౌస్, ఒకటికి ఉన్న 17 మూలాల్లో ఒకటిని పక్కనబెట్టి, మిగిలిన 16ను రెండు గుంపులుగా విడదీశాడు. రెండు వేల ఏళ్లుగా ఎవరూ గీయలేని పదిహేడు భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితోనే గీయవచ్చని తేల్చాడు. వచ్చే భాగం ఆయనది.

(సశేషం)